దిమ్మరి చట్టంలో ఏకైక ముద్దాయి

నన్ను పట్టుకున్న చట్టాన్ని నాతో ఒక్క మాటైనా చెప్పకుండా ప్రభుత్వంవారు రద్దు చేసేశారు. పైగా అది పుట్టిన నాటి నుంచి పోయిన నాటి వరకు ఒక్క పూట కూడా అమల్లో లేదట. అమల్లో లేనిదాన్ని రద్దు చేయడమేమిటి? సరే, చేశారే అనుకుందాం. దాని కింద పట్టుబడ్డ మనిషి ఒకడు విశాఖపట్నంలో ఉన్నాడే, వాణ్ణి పిలిచి ‘ఏమయ్యా, నీకేమైనా అభ్యంతరమా’ అని అడగాలా వద్దా? అడగలేదు. ఎనభైల్లో జరిగిన ఈ అన్యాయం గుర్తొస్తే ఇప్పటికీ నా చేతిలో కాఫీ చల్లారిపోతుంది.

ఆ రోజుల్లో మా ఊళ్ళో నిలబడటం కూడా ఒక పనే. కిరసనాయిలు కోసం నిలబడేవాళ్ళం, పంచదార కోసం నిలబడేవాళ్ళం, కొళాయి దగ్గర బిందె తరఫున నిలబడేవాళ్ళం. నేను చెప్పబోయే నిలబడటం మాత్రం వీటన్నిటికంటే గొప్పది. డెబ్బైల మొదట్లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన రాయి పడింది. రాయి పడిందన్న కబురు గోదావరి, కృష్ణా జిల్లాల్లో గడపగడపకూ చేరింది. రాయి తర్వాత ఇంకా ఏమీ పడలేదన్న కబురు మాత్రం చేరలేదు. (చేరినా నమ్మేవాళ్ళం కాదు.) ఏడో తరగతితో బడికి దండం పెట్టిన నేను, ఒక రేకుపెట్టె పట్టుకుని గోదావరి లంక ఊరి నుంచి మల్కాపురంలో మా అక్క ఇంటికి దిగాను. మా బావ పోర్టులో కళాసీ. ఇక్కడి మనిషే. రెండు గదుల ఇల్లు, కిటికీ తెరిస్తే రిఫైనరీ వాసన, మూస్తే మా బావ బీడీ వాసన. నన్ను చూడగానే ఆయన, “ఏటి బామ్మర్దీ, పలాంటు కట్టడానికొచ్చీసినావా? మరి ఇటుకలేవి?” అన్నాడు. ఆ వేళాకోళంలో ఆదరణ ఉందని తెలుసుకోవడానికి నాకు కొన్నాళ్ళు పట్టింది.

కూర్మన్నపాలెం జంక్షన్ అంటే అప్పట్లో రెండు టీ పాకలు, తాటిచెట్లు, వెనక జీడితోటలు. ఆ దారినే సర్వే జీపు వెళ్తుండేది. మా కుర్రాళ్ళలో ఒక నమ్మకం బలంగా ఉండేది. దరఖాస్తులు అందరూ పెడతారు, వాటికి విలువ లేదు. జీపులో వెళ్ళే ఆఫీసర్లకు మన మొహం అలవాటు కావాలి, రేపు ఉద్యోగాలిచ్చే వేళకు ‘ఆ మూడో తాటిచెట్టు దగ్గరి అబ్బాయేడీ’ అని వాళ్ళే వెతుక్కోవాలి. అంచేత ఎవరి చెట్టు వాళ్ళది, ఎవరి చొక్కా రంగు వాళ్ళది. నాది నిమ్మపండు రంగు. రోజూ అదే చొక్కా కావాలి గనక మా అక్క సాయంత్రం ఉతికి, పొద్దున్నే ఇత్తడి చెంబులో నిప్పులు పోసి ఇస్త్రీ చేసి ఇచ్చేది. ఒకనాడు తడి ఆరక తెల్ల చొక్కా వేసుకెళ్తే, పక్క చెట్టు కుర్రాడు నన్ను జాలిగా చూసి, “ఇవాళ నువ్వు రానట్టే లెక్క” అన్నాడు. మధ్యాహ్నం క్యారేజీలు విప్పేవాళ్ళం, మళ్ళీ నిలబడేవాళ్ళం. ఆదివారం సెలవు. ఎవరికైనా జ్వరమొస్తే ఆ చెట్టు దగ్గర మరొకరు నిలబడరాదు, అది మర్యాద కాదు. ఇంత పద్ధతిగా నేను ఆ తర్వాత ఏ ఉద్యోగమూ చేయలేదు.

సాయంత్రాలు మాత్రం పూర్ణా మార్కెట్ పక్కన ఒక పాతకాగితాల భాయ్ దుకాణంలో పొట్లాలకు కాగితాలు చింపేవాణ్ణి. నా చదువంతా ఆ దుకాణంలోనే జరిగింది. గుట్టలుగా పడి ఉన్న సర్కారు గెజిట్లలో తెలుగు ఎంత గంభీరంగా ఉండేదంటే, చింపబోయి ఆగిపోయేవాణ్ణి. భాయ్ విసుక్కునేవాడు. “చదవడానికి కాదు మియా నిన్ను పెట్టుకుంది, చింపడానికి.” ఆ గుట్టలోనే ఒకనాడు నా చట్టం కనిపించింది. పేరు రెండు వరుసలుండేది. క్లుప్తంగా దిమ్మరి చట్టం అనుకుందాం. జీవనాధారము లేక వీధులలో సంచరించువానిని పోలీసువారు పట్టుకొనవచ్చును. అంతవరకూ అన్ని చట్టాలూ ఒకటే. ఆ తర్వాతే అసలు రుచి. అట్టివానిని పని నేర్పు గృహమునకు పంపవలెను, అచట భోజన వస్త్ర శయ్యాది సౌకర్యములు కల్పించి, వడ్రంగము, కమ్మరము, నేత మొదలగు వృత్తులలో ఒకదానిని శ్రద్ధగా నేర్పవలెను. నేను నవ్వుకుంటుంటే భాయ్ అడిగాడు. “జైలు గురించి చదువుతూ నవ్వేవాణ్ణి నిన్నే చూశాను. ఏముంది అందులో?” “జైలు కాదు భాయ్, పెళ్ళివారి విడిదిలాగుంది” అన్నాను.

పెళ్ళి మాట ఊరికే రాలేదు. మా వీధిలోనే ఒక పెద్దాయన ఉండేవాడు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి, పోర్టులో ఓడల్లోంచి దిగే బస్తాలు లెక్కపెట్టే గుమాస్తాగా స్థిరపడ్డాడు. నేను మావయ్యగారూ అని పిలిచేవాణ్ణి (వారి అమ్మాయి కొళాయి దగ్గర కనిపించిన మర్నాటి నుంచి). మా బావ ఒక ఆదివారం ధైర్యం చేసి సంబంధం మాట ఎత్తాడు.

“అబ్బాయి ఏం చేస్తుంటాడు?” అని అడిగాడు పెద్దాయన.

“కూర్మన్నపాలెం కాడ నిలబడతన్నాడు మావా. ఇస్టీలు పలాంటు కోసం.”

ఆయన బస్తాల లెక్క అడిగినట్టే, “నిలబడటం పర్మినెంటేనా?” అన్నాడు.

తర్వాత నన్ను పిలిచి కూర్చోబెట్టి, ఎగతాళి లేకుండానే చెప్పాడు. “చూడు బాబూ. నువ్వు చెడ్డవాడివని నేననను. విజయవాడ నుంచి ఒక సంబంధం వచ్చి ఉంది. కార్తీకం లోపల నీ చేతిలో ఒక పని చూపించు, ఆ సంబంధం వద్దనేస్తాను. చూపించలేకపోతే నువ్వే వచ్చి పందిరి వేయించాలి.” ఆ మాటలు విన్న దగ్గర్నుంచి నాకు తాటిచెట్టు కింద కాళ్ళు నొప్పి పుట్టడం మొదలైంది.

వానలు వెనకబట్టిన రోజుల్లో ఒక పొద్దున, ఆ దరిదాపుల ఠాణాకు కొత్తగా వచ్చిన హెడ్ కానిస్టేబులు సైకిలు దిగాడు. మీసాలు ముందు దిగాయి, ఆయన వెనక దిగాడు. మమ్మల్నందర్నీ వరసగా చూసి, “ఎవుళ్రా మీరు? ఏటి సేత్తన్నారిక్కడ?” అన్నాడు.

నేను గోదావరి మర్యాదకు లోటు రానీయకుండా, “నిలబడ్డామండి” అన్నాను.

“అది నాకూ కనబడతంది. ఎందుకూ అని.”

“ఉద్యోగం కోసమండి.”

“ఉజ్జోగం ఈ సెట్లకి కాత్తాదేటి? సట్టం వొచ్చింది, ఎరుగుదువా? పనీపాటా నేకుండా రోడ్డు మీద తిరిగినోణ్ణి లోపలెయ్యమని.”

“తిరగలేదండి. నిలబడ్డామండి.”

ఆయన కాసేపు ఆ తేడాను నిజాయితీగా బేరీజు వేసుకున్నాడు. “నిలబడ్డం మరీ గోరం. తిరిగినోడు నయం, నడుత్తాడు.”

‘లోపల’ అన్న మాట చెవిన పడగానే మావాళ్ళంతా ఇస్త్రీ చొక్కాలతో జీడితోటల్లోకి దూకారు. నేను కదల్లేదు. ధైర్యం కాదు, ఆనందం. నా కళ్ళ ముందు పని నేర్పు గృహం, శయ్యాది సౌకర్యములు, కార్తీకం, కొళాయి, అన్నీ ఒక్కసారి మెరిశాయి. ముందుకొచ్చి రెండు చేతులూ చాపి, ఆ రెండు వరుసల పేరూ తప్పు పోకుండా అప్పజెప్పి, “ఆ చట్టమేనాండి? అయితే పట్టుకెళ్ళండి” అన్నాను. హెడ్డుగారు ఒకడుగు వెనక్కి వేశాడు. ఆయన సర్వీసులో తనను చూసి పారిపోయినవాళ్ళే గానీ తగులుకున్నవాడు లేడు. నన్ను సైకిలు వెనక ఎక్కించుకుని, దారి పొడుగునా రెండు మూడుసార్లు వెనక్కి తిరిగి, “దిగిపోతావేటి? దిగిపోతే నానేటీ అనను” అని అడిగాడు. నేను క్యారియరు గట్టిగా పట్టుకున్నాను.

ఠాణాలో ఎస్సైగారు డిగ్రీ చదివిన కుర్రాయన. నా వివరాలన్నీ విని, “అయితే నీకేం కావాలి?” అన్నాడు. “కమ్మరమండి. ఉక్కు ఊరు గదండి, అదైతే అక్కరకొస్తుంది. ఖాళీ లేకపోతే వడ్రంగం” అన్నాను. ఆ పని నేర్పు గృహం ఎక్కడుందో వాళ్ళకు తెలియదు. నన్నే అడిగారు. చట్టంలో చిరునామా లేదని చెప్పాను. ఎస్సైగారు ఎక్కడెక్కడికో ఫోన్లు చేశాడు. ఈలోగా నన్ను వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి ఇడ్లీలు తెప్పించారు. భోజన సౌకర్యం మొదలైందని సంతోషించాను. మధ్యాహ్నం దాటాక ఎస్సైగారు బీరువాలోంచి చట్టం పుస్తకం తీయించి, మొదటి పేజీ దగ్గరే ఆగిపోయాడు.

“ఇది చదవలేదా నువ్వు? ‘ప్రభుత్వము ప్రకటించు తేదీ నుండి అమలులోకి వచ్చును.’ ఆ తేదీ ఇంతవరకు ప్రకటించలేదు. ఆ గృహం కట్టలేదు, చట్టం రాలేదు.”

నేను మొదటి పేజీ చదవలేదు. పంతులుగారు ఎదురుగా నిలబడి చెప్పిన చదువు కాదు గదా నాది, రుచి కోసం చదివినవాణ్ణి. చట్టాల మొదటి పేజీలో పేరు, వ్యాప్తి, ప్రారంభము అని ఉండే ముక్క సినిమాకు ముందు వేసే వార్తల రీలు లాంటిదనుకుని, దాన్ని దాటుకుని నేరుగా కథలోకి వెళ్ళేవాణ్ణి. ఇన్ని చట్టాలు చదివానే, అందులో ఏవి బతికున్నాయో ఏవి పుట్టనే లేదో నాకు తెలియదని ఆ బెంచీ మీద తెలిసింది. తెలిసినా లేవలేదు.

“వెళ్ళిపో బాబూ” అన్నాడు ఎస్సైగారు.

“పట్టుకున్నారు గదండి. పని నేర్పించకుండా ఎలా వెళ్ళనండి?”

“రాని చట్టం కింద ఎవరూ ఎవర్నీ పట్టుకోలేరు. మేం నిన్ను పట్టుకోలేదు. నువ్వసలు ఇక్కడికి రాలేదు.”

“రాకపోతే ఇడ్లీలు ఎవరు తిన్నారండి?”

హెడ్డుగారు తల పట్టుకున్నాడు. “ఇడ్లీ కూడా తిన్నేదనుకోరా నాయనా.”

కబురంది పోర్టు నుంచి మా బావ వచ్చి, నా చెయ్యి పట్టుకుని బయటికి నడిపించాడు.  మల్కాపురం బస్సు ఎక్కాక, “అందరూ టేసన్లోంచి బయటికి రావడానికి లాయర్ని పెడతారు. నిన్ను తేవడానికి నాను సెలవెట్టాల” అన్నాడు.

ఆ సాయంత్రానికే కబురు పెద్దాయనకు చేరింది. ఆయన మా గుమ్మంలోకి వచ్చి, “పోలీసులు పట్టుకెళ్ళారట?” అన్నాడు. మా బావ వెంటనే, “ఆ సట్టం నేదంట మావా. అంచేత పట్టుకోనట్టే” అని వాదించాడు. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. “ఓడలోంచి బస్తా దిగాక అది ఏ ఓడ, ఎవరి సరుకు అన్నది తర్వాత మాట. దిగింది గదా, లెక్కలో పడాల్సిందే. నేను విజయవాడకు సరేనని రాసేస్తాను.”  అప్పుడు ఆయన వెనక నుంచి, చీకటి పడకముందే బిందెతో బయల్దేరిన వారి అమ్మాయి, మా ఎవరి వంకా చూడకుండా అంది. “మిగతావాళ్ళంతా తోటల్లోకి పారిపోయారంట గదా నాన్నా. ఈయనొక్కడే నిలబడ్డాడంట.” అని వెళ్ళిపోయింది. పెద్దాయన ఆమె వెళ్ళిన వైపు చూసి, నా వైపు చూసి, “కార్తీకం దాకా అన్నాను. దాకానే” అని గొణుక్కుంటూ పోయాడు. నా నిలబడటాన్ని మెచ్చుకున్న మొట్టమొదటి మనిషి ఆవిడే. (ఇన్నేళ్ళ కాపురంలో మళ్ళీ మెచ్చుకోలేదు.)

మర్నాటి నుంచి నేను తాటిచెట్టు మానేసి ఠాణా బెంచీకి వెళ్ళడం మొదలుపెట్టాను. పొద్దున్నే వెళ్ళి, “తేదీ ప్రకటించారాండి?” అని అడిగి, లేదనగానే కూర్చునేవాణ్ణి. ఎవరికీ అడ్డం కాకుండా, కాళ్ళు దగ్గరగా పెట్టుకుని, ఇస్త్రీ చొక్కాతో. వచ్చిన ఫిర్యాదుదారులు నన్ను చూసి ఎస్సైగారి చుట్టమనుకుని దండాలు పెట్టేవారు. ఒకావిడ తన మేక సంగతి మొత్తం నాకే చెప్పుకుంది. నేను కూడా నాకు తెలిసిన సెక్షన్లు చెప్పి పంపించాను. (వాటిలో ఎన్ని అమల్లో ఉన్నాయో నాకు తెలియదు. మేక దొరికిందని మాత్రం విన్నాను.) కొన్నాళ్ళు చూసి, హెడ్డుగారు ఒక పొద్దున నన్ను మళ్ళీ సైకిలు వెనక ఎక్కించుకుని గాజువాక దారిలో ఉన్న ఒక వెల్డింగు షాపు ముందు దించాడు. ఆ షాపు ఆయన బావమరిదిది.

“ఈణ్ణి పన్లో పెట్టుకో బావా. ఏటి నేర్పుతావో నీ ఇష్టం. నేకపోతే ఈడు నా టేసన్లోనే కాపరం పెట్టీసేలాగున్నాడు.”

షాపాయన నన్ను ఎగాదిగా చూసి, “ఏటి సదువుకున్నాడు?” అన్నాడు.

“సట్టాలు” అన్నాడు హెడ్డుగారు దిగులుగా. “నువ్వు మాత్రం ఏటీ అడక్కు.”

అలా నాకు కమ్మరం కాకపోయినా కమ్మరానికి తమ్ముడి వరస పని అబ్బింది. పోర్టు ట్రాలీలకు చక్రాలు అతికించడం నేర్చుకున్నాను. కార్తీకం రాగానే పెద్దాయన ముందు రెండు అరచేతులూ చాపాను. మసి, కాలిన మచ్చలు, ఒక బొబ్బ. ఆయన ఓడ సరుకు చూసినట్టు తిప్పి తిప్పి చూసి, “దిగిందయ్యా బస్తా” అన్నాడు. విజయవాడవారికి వద్దని జవాబు రాశాడు.

ఇక్కడితో కథ కంచికి వెళ్ళాల్సింది. మా మావగారు వెళ్ళనివ్వలేదు. ప్రతి పెళ్ళిలోనూ, ప్రతి బారసాలలోనూ కొత్తవాళ్ళకు నన్ను చూపించి, “మా అల్లుడు. దిమ్మరి చట్టం కింద లోపలికెళ్ళొచ్చినవాడు” అనేవాడు. “లోపలికి వెళ్ళలేదు మావయ్యగారూ, బెంచీ వరండాలో ఉంటుంది” అనేవాణ్ణి నేను. “అదే, బెయిలన్న మాట” అనేవాడాయన. అందరూ నవ్వేవారు, మా ఆవిడ అందరికంటే ముందు నవ్వేది. ఎనభైల్లో నిజంగానే ప్లాంటు పనులు మొదలై, నేను ఒక కాంట్రాక్టరు దగ్గర వెల్డరుగా చేరి, కూర్మన్నపాలెంలోనే ఇల్లు తీసుకున్నాను. పదవీ విరమణ చేసిన మావగారు కూడా మా దగ్గరికే వచ్చేశాడు. పేపరంతా పెద్దగా చదివి వినిపించడం ఆయన దినచర్య. ఒకరోజు చదువుతూ చదువుతూ ఆగి, “అల్లుడూ, నీ చట్టం పోయిందయ్యా” అన్నాడు.

అమల్లోకి రాకుండా పడి ఉన్న పాత నేర శిక్షా చట్టాలను ఏరి, కట్టగట్టి, రద్దు చేస్తున్నారట. కట్టలో నాది కూడా ఉంది. “లేని చట్టం గదండీ అది” అన్నాను.

“లేనిదాన్ని ఎవరైనా రద్దు చేస్తారటయ్యా? ఓడలో లేని బస్తాను దించామని రాస్తామా? రద్దు చేశారంటే ఉన్నట్టే. ఉన్నట్టయితే నిన్ను పట్టుకున్నట్టే. ఇన్నేళ్ళూ నేను చెప్పిందే నిజమని ప్రభుత్వం ఒప్పుకుంది.”

 అన్నం సహించలేదు. వీధి చివర టీ కొట్టుదాకా ఆయన ఈ సంగతి మోసుకెళ్ళాడని తెలిశాక ఇక ఊరుకోలేకపోయాను. అదే సాయంత్రం ప్రభుత్వానికి అర్జీ రాశాను, గెజిట్ల భాషలో, నాకొచ్చిన గాంభీర్యమంతా పోసి. సదరు చట్టమును ఒక్క దినము అమలులోకి తెచ్చి, నన్ను విచారించి, నిర్దోషినని తేల్చి, మరునాడు రద్దు చేసుకొనుడు. అది వీలుకానిచో, నన్ను ఏనాడును పట్టుకొనలేదని వ్రాసి ఇవ్వుడు. మా ఆవిడ చదివి, “పట్టుకోకపోతే మీకా పనీ లేదు, నాకు మీరూ లేరు. దాని మీద అర్జీలేమిటండీ?” అంది. “కృతజ్ఞత వేరు, న్యాయం వేరు” అన్నాను. న్యాయశాఖవారు నా అర్జీని హోంశాఖకు పంపారు, హోంశాఖవారు పని అన్న మాట చూసి కార్మికశాఖకు పంపారు, కార్మికశాఖవారు గృహం అన్న మాట చూసి గృహనిర్మాణానికి పంపారు. ప్రతి మజిలీ నుంచీ ‘తమ అర్జీ తగు చర్యకై పంపబడినది’ అని నాకొక ముక్క వచ్చేది. దానికి నేనొక గుర్తుచేసే ఉత్తరం పంపేవాణ్ణి. నేను వెల్డింగు చేసిన రేకులు పైకి లేచి షెడ్లయ్యాయి, మా పిల్ల బడిలో చేరింది, మావగారికి ఒక కంటికి ఆపరేషనైంది.

ఆఖరికి జవాబు వచ్చిన రోజు నేను షిఫ్టు దిగి వచ్చేసరికి, మావగారు కవరు విప్పకుండా ఒళ్ళో పెట్టుకుని వాకిట్లో కూర్చుని ఉన్నాడు. విప్పమన్నాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, ఓడ పక్కన బస్తాలు పిలిచే గొంతుతో, ఒక్కొక్క మాటా వేరు చేసి చదవడం మొదలుపెట్టాడు. మా ఆవిడ గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. చెవుల మీద నెరుస్తున్న వెంట్రుకలతో, ఒంటినిండా ఇనుపరజనుతో, ఒక గుమాస్తా రాసిన మూడు వాక్యాల కోసం వాకిట్లో నిలబడ్డ ఆనాటి నన్ను తలుచుకుంటే నాకు ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. మావగారు చదవడం పూర్తి చేసి, కాగితం మడిచి నా చేతిలో పెట్టి, ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఏ పెళ్ళిలోనూ ఆ మాట ఎత్తలేదు. (ఎత్తి ఉంటే బాగుండేదని ఆయన పోయాక అనిపించింది.) జవాబు ఇది:

“సదరు చట్టము ఎన్నడును అమలులోకి రాలేదు. కావున దాని కింద తమను ఎవరును పట్టుకొనలేదు, విడిచిపెట్టనూ లేదు. తమరు ఏ కాలమందైనను పని లేక ఎచ్చటనైనను నిలబడియున్నట్లు ఈ ప్రభుత్వము వద్ద ఎట్టి ఆధారమూ లేదు.”